పొలం మళ్లీ ఎవరు వేయాలి?

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడారా మీరు? ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మొదట్లో మీకు ఒక టౌన్ సెంటరు, ముగ్గురు విలేజర్లు, గుర్రమ్మీద ఒక స్కౌటు, అంతే. అక్కణ్ణుంచి కట్టెలు కొట్టించి, పొలాలు వేయించి, కోటలు లేపి, పక్కవాడి మీదికి దండెత్తాలి. 1999లో వచ్చిన ఆట. ఇవాళ్టికీ దానికి టోర్నమెంట్లు జరుగుతున్నాయి.

ఇన్నేళ్లు అది బతికింది ఆడేవాళ్ల పుణ్యాన. తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లోనే మూతపడింది. 2011లో అదే పేరు మీద ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆన్‌లైన్ వచ్చింది. ఉచితంగా దించుకునే వీలుండేది, బొమ్మలన్నీ కార్టూన్లలా ముద్దుగా ఉండేవి, కొత్తవాళ్లని కూడా రాబట్టాలని ఆశ. 2014లో సర్వర్లు ఆపేశారు. అది ఇంకా నడుస్తున్న రోజుల్లోనే కొందరు అభిమానులు, జీతం లేదు భత్యం లేదు, పాత ఆట ఫైళ్లు విప్పి కూర్చున్నారు. ఇండియన్లు, ఇంకాలు, ఇటాలియన్లు, స్లావులు, మగ్యార్లు అని ఐదు కొత్త జాతుల్ని చేర్చి, 2012 చివర్లో 'ఫర్‌గాటెన్ ఎంపైర్స్' అనే మోడ్ (ఆడేవాళ్లే ఆటకి చేసుకునే మార్పు) వదిలారు. మరుసటి ఏడాదికి అది మైక్రోసాఫ్ట్ వారి అధికారిక విస్తరణ అయిపోయింది. ఆ మోడర్లే స్టూడియో పెట్టుకుని ఆటని కొత్తగా మలిచిన 2019 డెఫినిటివ్ ఎడిషన్ మీదా పనిచేశారు. 2022లో ఒకే ముద్దగా ఉన్న ఇండియన్లని విడదీసి ద్రావిడుల్ని, బెంగాలీల్ని, గుర్జరుల్ని విడిగా ఇచ్చారు. ద్రావిడులకి 'వూట్జ్ స్టీల్' అనే విద్య ఉంది. అది నేర్చుకున్నాక మన కాల్బలం, గుర్రపుదళం దెబ్బకి ఎదుటివాడి కవచం లెక్కలోకే రాదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలిముల్లో కాచిన ఉక్కు ఆ రకందే మరి! ఆ పేరు తెరమీద చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

సరే, అసలు సంగతికొస్తాను. పదిమందికీ నచ్చేలా చేయాలంటే ఆటని ఎక్కడ సులువు చేయాలి? పాత ఆటలో పొలం పంట అయిపోగానే విలేజరు ఖాళీగా నిలబడేవాడు. యుద్ధం మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి, అరవై కట్టెలు ఖర్చుపెట్టి, మళ్లీ వేయించాలి. 2000లో విస్తరణ వచ్చాక మిల్లు దగ్గర ముందే వరస పెట్టుకునే వీలొచ్చింది. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఒక్క బటన్ నొక్కితే చాలు, పొలాలు వాటంతటవే పడతాయి. "అదీ నేర్పే కదా, తీసేస్తే ఎలా?" అని పాతకాపులు కొందరు బాధపడ్డారు. వాళ్ల బాధ అర్థమవుతుంది గానీ, నేను ఒప్పుకోను. అది చాకిరీ. ఎన్ని పొలాలు వేయాలి, ఎప్పుడు వేయాలి, ఆ కట్టెలు విలుకాళ్లకి దాచాలా అన్నదే ఆట. అక్కడ చెయ్యి పెట్టనంతవరకూ ఎంతమంది కొత్తవాళ్లొచ్చినా నష్టం లేదు.

స్కౌటు దానంతటదే తిరిగే 'ఆటో స్కౌట్' సంగతి వేరు. ఎదుటివాడి బంగారం ఎక్కడుందో, వాడు గుర్రాలశాల కడుతున్నాడో విలుకాళ్ల బడి కడుతున్నాడో చూసి రావడం ఆలోచనతో చేసే పని. అది యంత్రానికి అప్పగిస్తే కొత్తవాడు నేర్చుకోవాల్సిందే జారిపోతుంది.

చాకిరీకీ ఆలోచనకీ మధ్య ఈ తేడా కనిపెట్టడంలో మోడర్లది గట్టి చూపు. 'స్మాల్ ట్రీస్' అని ఒక మోడ్ ఉంది. అడవిలో చెట్లన్నిటినీ చిన్న మొక్కల్లా కుదించేస్తుంది. చూడ్డానికి అందంగా ఏమీ ఉండదు, ప్రకటన బొమ్మకి పనికిరాదు. కానీ చెట్టు వెనక నక్కిన శత్రు సైనికుడు, దారి తప్పిన మన విలేజరు ఇట్టే కనబడతారు. టోర్నమెంట్లు ఆడేవాళ్ల తెరలమీద తరచూ అవే మొక్కలు.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో పిల్లలెవరైనా మొదలుపెడితే పొలాల బటన్ వేసివ్వండి, పొట్టి చెట్లూ పెట్టివ్వండి. స్కౌటుని మాత్రం వాళ్లనే తిప్పుకోనివ్వండి.