ఓర్పు కూడా ఔషధంలో భాగమే

మానసిక కుంగుబాటుకు మాత్రలు ప్రారంభించిన కొందరు మొదటి పది రోజుల్లోనే వాటిని మానేస్తుంటారు. అందుకు కారణముంది. ఈ మందుల ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. ఆ రెంటి నడుమ ఉన్న రోజులను స్వయంగా గడిపినవాడిగా నా అనుభవాన్ని పాఠకుల ముందుంచుతున్నాను.

నిరుడు ఏ కారణమూ లేకుండానే నన్ను దుఃఖం ఆవరించింది. ఆకలి, నిద్ర, పాఠం చెప్పాలన్న ఆసక్తి మూడూ నశించాయి. వైద్యుడు పరీక్షించి, ఎస్సిటాలోప్రామ్ మాత్రను 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. “మొదట్లో కడుపులో తిప్పుతుంది, నిద్ర చెదురుతుంది. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది” అని ముందే హెచ్చరించారు.

మూడో రోజుకు వికారం మొదలైంది. నోరు ఎండిపోయేది. తజ్వీద్ పాఠంలో ప్రతి అక్షరాన్నీ దాని స్థానం నుంచి పలికి చూపవలసిన నాకు నాలుక అంగిటికి అంటుకుపోయేది. పిల్లలే నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టేవారు. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేది. తహజ్జుద్ కోసం లేస్తున్నానని ఇంట్లోవారు భావించారు. ఆరో రోజున ఇక మానేద్దామనిపించింది. అప్పుడు నా భార్య, “డాక్టరుగారు చెప్పినవే కదండీ జరుగుతున్నాయి! చెప్పనిదేదైనా జరిగితే వెళ్దాం” అన్నది. ఆ మాటకు నా వద్ద జవాబు లేదు.

వైద్యుని సలహాతో మాత్రను ఉదయం ఫలహారం తర్వాతకు మార్చాను. కొద్దికొద్దిగా తిన్నాను. అస్ర్ తర్వాత టీ మానేశాను. రెండో వారాంతానికి వికారం తగ్గింది. నాలుగో వారంలో ఒకరోజు నాకు నిజంగా ఆకలి వేసింది.

“దుఆ చాలదా, మాత్రలెందుకు?” అని అడిగినవారున్నారు. ప్రతి వ్యాధికీ అల్లాహ్ నివారణను కల్పించాడని దైవప్రవక్త (స) బోధించారు. అందులో మనసు వ్యాధికి మినహాయింపు లేదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, కారణం తెలిసిన దుఃఖాన్నీ కారణం తెలియని దుఃఖాన్నీ వేరుచేసి, రెండోదానికి మూలం శరీరంలో ఉందని చెప్పి, శారీరక చికిత్సను సూచించారు.

అయితే అన్నిటినీ ఓర్చుకోకూడదు. చనిపోవాలన్న ఆలోచన, నిలువనీయని అలజడి, నిద్రే అవసరం లేదనిపించే మితిమీరిన హుషారు కనిపిస్తే తక్షణం వైద్యుణ్ణి కలవాలి. పాతికేళ్ల లోపు వారిని తొలి వారాల్లో ఇంటివారు మరింత కనిపెట్టి ఉండాలి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు దీనితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది గనుక అడగకుండా వాడరాదు. దాంపత్యపరమైన ఇబ్బంది కలిగినా సిగ్గుపడక చెప్పాలి, దానికీ మార్గముంది. రమజాన్‌లో రోజుకొక మాత్రను సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకునే వీలును ముందే అడిగి తెలుసుకోవాలి.

కోలుకున్నామని ఒక్కసారిగా మానితే తల తిరగడం, ఒంట్లో కరెంటు తగిలినట్లు జలదరింపు కలగవచ్చు. వైద్యుడే క్రమంగా తగ్గిస్తారు. దగ్గరలో వైద్యుడు లేనివారు ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర మొదలుపెడితే, “ఇంకా తగ్గలేదా?” అని అడగకండి. “ఈరోజు ఏమైనా తినగలిగారా?” అని అడగండి. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారి కుటుంబాలకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.