నీడలో పెరిగే మొక్కలు

ఎండ తగలని చోట కుండీలు పెట్టి ఏమి లాభమని కొందరు సహోదరీలు అంటుంటారు. మా వెనుక వసారాకు ఎదురుగా పొరుగువారి మేడ ఉంది. మంచం పట్టిన మా అత్తగారికి కిటికీలోంచి కనబడేది ఆ వసారా ఒక్కటే. అందుకే దానిని అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

గులాబీ, బంతి అక్కడ పూయవు. వాటికి రోజుకు 5, 6 గంటలైనా ఎండ కావాలి. అడవిలో పెద్ద చెట్ల క్రింద పెరిగే జాతులైతే నీడకు ఓర్చుకుంటాయి. ఫెర్న్, స్పైడర్ ప్లాంట్, తమలపాకు తీగ తెచ్చాను. మనీప్లాంట్‌ను అందనంత ఎత్తున వేలాడదీశాను. డిఫెన్‌బాకియా మాత్రం వద్దనుకున్నాను. పాకే మనవడు దాని ఆకు కొరికితే నోరు, నాలుక మండి వాచిపోతాయి.

నీడలో మట్టి త్వరగా ఆరదు. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరాకనే నీరు పోయాలి. లేకుంటే వేళ్ళు కుళ్ళుతాయి. కుండీ క్రింది పళ్ళెంలో నిలిచిన నీటిని వారానికొకసారైనా పారబోయాలి, డెంగీ దోమలు గ్రుడ్లు పెడతాయి.

యోనాకు నీడనివ్వడానికి సొరచెట్టును మొలిపించిన దేవుడే నీడలో బ్రతికే మొక్కలనూ కలుగజేశాడు. అత్తగారు ఉదయాన్నే కొత్త చిగుళ్ళు చూసి, సంఘంలోని పిల్లల కొరకు పేరుపేరునా ప్రార్థిస్తారు. వేదికపై నిలిచి చేసేది మాత్రమే సేవ కాదు గదా!

మీ సంఘంలోనూ గడప దాటలేని పెద్దలుంటారు. ఈసారి దర్శించడానికి వెళ్ళినప్పుడు పండ్లతోపాటు ఒక చిన్న కుండీ కూడా తీసుకువెళ్ళండి.