మందు చేరే దారి

లుకేమియా పేరు మన విద్యార్థులలో చాలామంది వినే ఉంటారు. ఆ వ్యాధికి వాడే మందులు రోగి శరీరంలోకి ఏ దారిన పోతాయన్న సంగతి మాత్రం ఇంటిలో ఒకరికి అవసరం పడేదాకా ఎవరికీ తట్టదు. 20 ఏండ్ల మా మేనల్లునికి, మా ఆపా రెండవ కుమారునికి, హైదరాబాదులో ఈ వ్యాధి నిర్ధారణ అయిన పిమ్మట, ప్రబంధాలు పాఠం చెప్పుకొనే మేము సిరలను గూర్చి చదువవలసి వచ్చింది.

వానికి వచ్చినది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ రకం. చికిత్స రెండు మూడేండ్లు సాగుతుంది. విన్‌క్రిస్టిన్, డౌనోరూబిసిన్ వంటి మందులు చేతి సన్నని సిర నుండి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ పుండై చెడిపోతుంది. అందువలన మెత్తని గొట్టాన్ని గుండెకు చేరువనున్న ఊర్ధ్వ మహాసిర దాకా పంపుతారు. అక్కడ రక్తప్రవాహం ఉద్ధృతం కనుక మందు వెంటనే పలుచబడుతుంది. రక్తం తీయటానికీ, ఎక్కించటానికీ అదే దారి.

ఈ గొట్టాల చరిత్ర సియాటిల్ నగరంలో ఆరంభమైంది. నోటితో ఆహారం తీసికోలేని వారికోసం 1973లో బ్రోవియక్ తన సహచరులతో కలిసి ఒక సిలికోన్ గొట్టాన్ని రూపొందించాడు. 1979లో హిక్‌మన్ దానిని వెడల్పు చేసి ఎముక మజ్జ మార్పిడి రోగులకు అనువుగా మలచాడు. ఛాతీ చర్మం క్రింద కొంతదూరం సొరంగంవలె నడిపి దానిని సిరలో ప్రవేశపెడతారు. గొట్టానికి చుట్టిన డాక్రాన్ పట్టీలోనికి కొన్ని వారాలలో కణజాలం అల్లుకొని గొట్టాన్ని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులను అడ్డుకొంటుంది. కొస మాత్రం ఛాతీమీద వ్రేలాడుతూనే ఉంటుంది.

పిక్ అనే సన్నని గొట్టం మోచేతికి పైన ఉన్న సిర గుండా పోతుంది. కోత పెద్దగా లేదు, తీయటమూ సులభం. పోర్టు అట్లాకాదు. 1980ల ఆరంభంలో వాడుకలోకి వచ్చిన ఈ చిన్న గిన్నెను ఛాతీ చర్మం క్రింద పూర్తిగా అమర్చి కుట్లు వేస్తారు. మందు ఇచ్చినప్పుడు హ్యూబర్ అనే ప్రత్యేకమైన సూదిని చర్మం మీదుగా దాని సిలికోన్ మూతలోనికి గ్రుచ్చుతారు. మిగిలిన రోజులలో బయట ఏమీ ఉండదు.

బ్రిటన్‌లో 1061 మంది రోగులపై జరిగిన ‘కావా’ పరిశోధన 2021లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. పోర్టును పిక్‌తో పోల్చినప్పుడు చిక్కులు పోర్టువారిలో 32 శాతం, పిక్ వారిలో 47 శాతం. హిక్‌మన్‌తో పోల్చినప్పుడు 29, 43. ఇక సందేహమెందుకని అడుగవచ్చు. కాని ఆ రోగులలో అత్యధికులు గడ్డల రూపంలో వచ్చే కాన్సరు వారు. లుకేమియా రోగికి మొదటి నెలలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, వ్యాధినిరోధక కణాలు నశించి ఉంటాయి. అట్టి సమయంలో ఛాతీ కోస్తే రక్తం ఆగదు, చీము పట్టవచ్చు. చీము పట్టిన పోర్టును మరల కోసి తీయవలసిందే. కనుక ముందు పిక్, కణాల లెక్క తేరుకొన్నాక పోర్టు అని వైద్యులు నిర్ణయించారు. ఆస్పరాజినేజ్ మందు రక్తాన్ని గడ్డకట్టించే స్వభావం కలది, పిక్ ఉన్న చేతి సిరలో గడ్డ ఏర్పడే అవకాశమూ ఎక్కువే. ఆ నెలంతా వాని చేయి ఏమాత్రం వాచినా ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

పిక్‌కు వారానికొకసారి కట్టు మార్చాలి, గొట్టం కడగాలి. దూల్హాభాయి ఊరు మా పట్టణానికి 40 కిలోమీటర్లు. బస్సులో కుర్రవాడిని తీసికొనివచ్చి, నర్సు దొరికేవరకు కూర్చొని, ఒకరోజు కూలి పోగొట్టుకొనేవాడు. కట్టు తడవరాదు. వజూ చేసేటప్పుడు నీళ్ళు మోచేతి వరకే గనుక జాగ్రత్తపడితే చాలును గాని, స్నానానికి ప్లాస్టిక్ సంచి చుట్టక తప్పేదికాదు. పోర్టుకు ఖర్చు ఎక్కువే, అయినా వాడుకలేనప్పుడు నెలకొకసారి కడిగితే సరిపోతుంది.

ఆపా మాత్రం ఒప్పుకోలేదు. “బిడ్డ గుండెమీద ఇనుప బిళ్ళ పెట్టిస్తారా భాయీ?” అన్నది. ఇనుము కాదు, టైటానియమో ప్లాస్టిక్కో అని చెప్పాము. వినలేదు. చివరకు వాడే, “అమ్మీ, చొక్కా వేసుకొంటే ఎవరికీ తెలియదు. కాలేజీకి పోతాను” అన్నాడు. ఆ మాటకు ఆమె లేచి లోపలికి పోయింది. మరునాడు సంతకానికి దూల్హాభాయిని పంపింది.

పోర్టు పెట్టి ఎనిమిది నెలలైంది. చికిత్స ఇంకా మిగిలి ఉన్నది. హ్యూబర్ సూది వేయటం తెలిసిన నర్సు మా పట్టణంలో ఒక్కరే ఉన్నారు. ఆమె సెలవు దినాలన్నీ ఆపా వంటింటి క్యాలెండరులో గుర్తు పెట్టుకొన్నది.