ఎర్రనేల నేర్పిన యుద్ధనీతి

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన తెలుగువారికి పరాయిచోటికి వచ్చామన్న భావన కలుగదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి అక్కడ స్థిరపడిన మనవారి పలుకు బజారులోనే వినవస్తుంది. పట్టణపు శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు సాగితే కాళ్ళక్రింద ఎర్రని గరపనేల కనిపిస్తుంది. నేడు యంత్రాలకు చదునుగా లొంగిన ఈ జాతి నేలయే, రెండు శతాబ్దాల క్రిందట ఈస్టిండియా కంపెనీ ఫిరంగులకు లొంగలేదు.

ఆ కథ తెలియాలంటే ఉత్తరాన, బాంకురా వెళ్ళే రైలుమార్గంలోని గడ్‌బేతాకు పోవాలి. అక్కడ శిలావతి నది ఒడ్డున, గంగానీ అనేచోట, వాన నీరూ నదీ కలిసి గరపనేలను లోతైన లోయలుగా, నిటారైన గోడలుగా కోసివేశాయి. ఒకప్పుడు చుట్టూ దట్టమైన సాలవనాలు. బగ్రీ రాజులకు సైనికసేవ చేసి, ప్రతిఫలంగా భూములు అనుభవించినవారు నాయెక్‌లు. ఆ భూములు చేజారగా, 1806 ప్రాంతంలో అచల్‌సింగ్ నాయకత్వాన వారు తిరుగబడ్డారు.

ఆనాటి తుపాకి గురి నమ్మదగినది సుమారు నూరు గజాల లోపలనే. అందువల్లనే సిపాయిలు భుజం భుజం కలిపి వరుసలు తీరి, ఒక్కుమ్మడిగా కాల్చేవారు. ఫిరంగిగుండు గట్టి మైదానంపై ఎగిరెగిరి పడుతూ పోతేనే శత్రుపంక్తులను చీల్చగలదు. చెట్ల నడుమ వరుస నిలువదు. లోయ అంచున గుండు మట్టిలో కూరుకొనిపోతుంది. విల్లంబులు పట్టిన నాయెక్‌లకు మాత్రం ప్రతి మలుపూ ఒక కోటగోడే.

శత్రువు కంటబడక, కంపెనీ సేన సాలవనం మీదనే ఫిరంగులు ప్రయోగించిందని ప్రాంతీయ చరిత్రలు చెబుతాయి. అచల్‌సింగ్ చిక్కినది మాత్రం ఫిరంగికి కాదు, నమ్మకద్రోహానికని కూడా అవే చెబుతాయి. 1816 నాటికి తిరుగుబాటు అణగారింది.

మన గోదావరి మన్యంలోనూ 1879లో ఇదే పాఠం పునరావృతమైంది. అప్పటికి తుపాకుల దూరం ఎంతో పెరిగింది. కాని కంటికి కానరాని శత్రువుపై ఆ దూరమెందుకు? మద్రాసు పదాతిదళాలు ఎన్ని దిగినా, రంప కొండల ఇరుకుదారులూ, మన్యపు జ్వరమూ వారిని ఏడాదికి పైగా ముప్పుతిప్పలు పెట్టాయి.

నేడు గంగానీ ఒక విహారస్థలం. సూర్యాస్తమయాన ఎర్రగోడల అందాన్ని చూడటానికి యాత్రికులు వస్తారు. భూమిని కోల్పోయినవారికి ఆ భూమియే చివరి ఆశ్రయమై నిలిచిందని తెలిసినవారికి, ఆ దృశ్యం వట్టి అందంగా మాత్రమే తోచదు.