పెట్టెమీది సంఖ్య

హైదరాబాదునుండి ఉప్పలు మీదుగా వరంగల్లునకు పోవు రాజమార్గముపై నున్న అన్నోజిగూడయందు మేము నివసించుచున్నాము. సాయంకాలమున ఆ మార్గమున పోవు కారులలో కొన్ని కంటికి కనబడుటకు ముందే చెవికి వినబడును. వాని మ్రోతకు మా యింటి కిటికీ అద్దములు గడగడలాడును. ఆ శబ్దమునకు ఎంత శక్తి కావలయునో మేమెన్నడును విచారించి యుండలేదు. మా తరగతి బాలు డొకడు ఆ విచారమును మాకు కలిగించెను.

ఆతని యన్న బాడుగకారు నడుపువాడు. కొన్ని నెలలు కూడబెట్టిన సొమ్ముతో ఒక ఆంప్లిఫైయరును కొని కారులో పెట్టించెను. పెట్టెమీద 1000 వాట్లని పెద్ద యక్షరములతో అచ్చువేయబడి యుండెను. అది చాలలేదని తలచి, అప్పుచేసి 3000 వాట్ల దానిని కొనుటకు ఆయన సిద్ధపడుచుండెను. “మాస్టరుగారూ, ఇది నిజముగా వేయి వాట్లు ఇచ్చుచున్నదా? కొలిచి చూడగలమా?” అని బాలుడు అడిగెను.

వాటు అను మానమునకు ఆవిరియంత్రమును బాగుచేసిన జేమ్సు వాటుగారి పేరు పెట్టబడినది. తన యంత్రము ఎన్ని గుఱ్ఱముల పని చేయునో కొనువారికి తెలుపుటకే ఆయన అశ్వశక్తి యను లెక్కను ఏర్పరచెను. ఒక అశ్వశక్తి 746 వాట్లు. కావున వేయి వాట్లనగా ఒక గుఱ్ఱముకంటె ఎక్కువ. ఒక పెద్ద యిస్త్రీపెట్టె వాడుకొనునంత శక్తి. అమ్మువానికిని కొనువానికిని నడుమ నమ్మకము నిలుపుటకు పుట్టిన కొలత యిది.

పరికరములను ముట్టకముందే మేము ఫ్యూజును చూచితిమి. ఆ యంత్రమునకు ఉన్నది ఒక్క 20 ఆంపియర్ల ఫ్యూజు. కారు నడుచునపుడు బాటరీయొద్ద 14.4 వోల్టులున్నవనుకొన్నను, 14.4ను 20తో గుణింపగా 288 వాట్లు. ఇది లోపలికి నిలుకడగా పోగల శక్తి. ఇందులో కొంత వేడిమియై పోవును. లోపలికి 288 పోవు పెట్టెనుండి వెలుపలికి 1000 నిలుకడగా వచ్చుట యసాధ్యము. గుణకారము వచ్చిన బాలుడెవడైనను అంగడియందే దీనిని తెలిసికొనగలడు.

పిమ్మట బడి ఆవరణములో కారును నిలిపి, ఇంజను నడుచుచుండగా కొలిచితిమి. స్పీకర్లను తీసివేసి, వానికి బదులు ఒక్కొక్క ప్రక్కకు 4 ఓముల గట్టి రెసిస్టరును తగిలించితిమి. స్పీకరు నిరోధము స్వరమును బట్టి మారును. రెసిస్టరుది మారదు, చప్పుడును చేయదు. ఫోనునుండి సెకనునకు 50 కంపనములుగల ఏకస్వరమును పంపితిమి. ఇంటి కరెంటును కొలుచు సామాన్యపు మల్టీమీటరు ఆ స్వరమును సరిగా చూపును. వోల్టులను వానితోనే గుణించి 4 చేత భాగించినచో వాట్లు వచ్చును. మేము శబ్దపు మరను త్రిప్పుచు పోగా మీటరు 18 వోల్టులు చూపెను. ఒక్కొక్క ప్రక్క 81 వాట్లని నల్లబల్లపై వ్రాసి, తోటి యుపాధ్యాయులకును సంతోషముతో చెప్పితిమి.

అప్పుడు వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, “మాస్టరుగారూ, ఆ వోల్టులు వచ్చునపుడు స్వరము చెడలేదని యెట్లు తెలియును?” అని యడిగెను. మాయొద్ద ఉత్తరము లేకపోయెను. చెప్పిన మాటను నిలుపుకొనవలెనని ఒక క్షణము మాకు తోచిన మాట దాచము. మరునాడు ఆ యన్న సగము దినపు బాడుగ వదలుకొని కారును మరల తెచ్చెను. ప్రయోగశాలనుండి ఆసిలోస్కోపును తెచ్చి చూడగా, 18 వోల్టులయొద్ద అలల శిఖరములు కత్తితో కోసినట్లు చదునై యుండెను. అట్టి స్వరము బొంగురుపోవును, స్పీకరును చెఱచును. శిఖరములు గుండ్రముగా నిలిచినది 14.2 వోల్టుల వరకే. అనగా ఒక్కొక్క ప్రక్క సుమారు 50 వాట్లు, రెండును కలిసి 100. అదే సమయమున బాటరీనుండి 13.8 వోల్టులయొద్ద 14 ఆంపియర్లు, అనగా 193 వాట్లు పోవుచుండెను. తక్కినది యంత్రపు అల్యూమినియపు రెక్కలను కాల్చుచుండెను. మేము 81ని తుడిచి 50 అని వ్రాసితిమి.

పెట్టెమీద 1000 అని వేసినవారికిని 81 అని వ్రాసిన మాకును భేదము పరిమాణములోనే గాని జాతిలో లేదు. ఎన్ని వోల్టులయొద్ద, ఎన్ని ఓములకు, స్వరము ఎంత శుద్ధముగా ఉండగా అని చెప్పని సంఖ్య కొలత కాదు. అందుకనియే అమెరికాలో 2003వ సంవత్సరమున కారు ఆంప్లిఫైయర్లకొఱకు ఏర్పడిన ప్రమాణము 14.4 వోల్టులు, 4 ఓములు, నూటికి ఒకటికి మించని వికృతి అని షరతులను ముందు నిలుపుచున్నది. సొలొమోను సామెతలలో త్రాసునుగూర్చియు గుండ్లనుగూర్చియు మాటలు గలవు, వాట్లనుగూర్చి లేవు. అయినను న్యాయ మొక్కటియే.

ఆ యన్న మొదట చిన్నబోయెను. శక్తి పదిరెట్లయినను చెవికి శబ్దము సుమారు రెండింతలుగనే తోచునని, చిన్న కారులో 100 వాట్లే మిక్కిలియని వివరింపగా, ఆయన అప్పుచేయు తలంపు మానుకొనెను. తమ్ముడు పెట్టెమీది సంఖ్యపై కాగితమంటించి, “4 ఓములు, 13.8 వోల్టులు, శుద్ధస్వరము, 50 వాట్లు రెండు ప్రక్కల” అని వ్రాసెను.

విద్యార్థులారా, మీరు రేపు అమ్మువారైనను కొనువారైనను, మార్కులు వేయువారైనను, సంఖ్యతోపాటు దాని షరతులనుకూడ చెప్పుడు. తప్పని తెలిసినపుడు నల్లబల్ల తుడుచుటకు సిగ్గుపడకుడు. ఆ ప్రశ్న నడిగిన బాలికకు మేము ఋణపడియున్నాము.