తలుపు కింది ఉత్తరం

ఇంట్లోనే ఉన్న తండ్రికి 13 ఏళ్ల కూతురు ఉత్తరం రాసింది. రాసి, ఆయన పనిచేసుకుంటున్న స్టూడియో తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది. నా పేరు మూన్, నా వయసు ఇంత అని పరిచయం చేసుకుంది. మీరు రికార్డింగ్ చేసుకునేటప్పుడు ఇంతవరకూ అడ్డం రాకుండానే ఉన్నాను, ఇప్పుడు మాత్రం మీ ఆల్బంలో పాడాలని ఉంది అని చెప్పుకుంది. మిగతా వివరాలకు నా ఏజెంటును సంప్రదించవచ్చు అంటూ తల్లి పేరు ఇచ్చింది. చివర్లో, తనకు ఎన్సినో యాస, అలల మీద స్వారీచేసే కుర్రాళ్ల యాస కూడా వచ్చునని ఒక ముక్క కలిపింది.

ఈ ఉత్తరం సంగతి బయటపెట్టింది ఆ తండ్రే. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా. 1989లో వచ్చిన తన ఆత్మకథలాంటి పుస్తకంలో దాన్ని అచ్చువేసుకున్నాడు. చదివినవాళ్లు ముచ్చటపడతారు. నాకు మాత్రం మొదటిసారి చదివినప్పుడే గొంతుకేదో అడ్డం పడినట్టయింది. కన్నతండ్రికి పేరూ వయసూ చెప్పుకుంటున్న పిల్ల హాస్యమాడుతోందనే అనుకుందాం. హాస్యానికైనా ఎక్కడో ఒక ఆధారం ఉండాలి కదా. జప్పా ఏడాదిలో చాలా నెలలు ఊళ్లు తిరిగి కచేరీలు చేసేవాడు. ఇంట్లో ఉన్న రోజుల్లో రాత్రంతా పనిచేసి పగలు నిద్రపోయేవాడు. ఇంటికే అంటిపెట్టుకుని ఉన్న ఆ స్టూడియోకి ఆయన పెట్టుకున్న పేరు యుటిలిటీ మఫిన్ రిసెర్చ్ కిచెన్. వంటగది అన్నమాట! అసలు వంటగదిలో నలుగురు పిల్లల్ని ఎవరు సముదాయించారో, ఈ పరిశోధన వంటగదిలో తలుపు వేసుకుని ఎవరు కూర్చున్నారో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

ఉత్తరానికి జవాబు ఒక అర్ధరాత్రి వచ్చింది. తండ్రి కూతుర్ని నిద్రలేపి స్టూడియోకి తీసుకువెళ్లాడు. అప్పటికే ఒక గిటార్ వరస, దాని కింద డ్రమ్ములు రికార్డు చేసి ఉన్నాయి. మైకు ముందు నిలబెట్టి, నీ స్నేహితురాళ్లు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడు అన్నాడు. మూన్ మాట్లాడింది. కాగితం మీద రాసుకున్నది కాదు, అప్పటికప్పుడు తోచింది. మిగతా హంగులు తర్వాత చేర్చారు. అలా తయారైన 'వ్యాలీ గర్ల్' పాట 1982లో ఒక ఆల్బంలో వచ్చింది. విడుదలకు ముందే లాస్ ఏంజిలెస్‌లోని కె.ఆర్.ఓ.క్యూ. రేడియో దాన్ని వినిపించడం మొదలుపెడితే, శ్రోతలు మళ్లీ మళ్లీ వెయ్యమని ఫోన్లు చేశారు. ఆ ఏడాది బిల్‌బోర్డ్ పట్టికలో 32వ స్థానం దాకా వెళ్లింది. డజన్ల కొద్దీ ఆల్బంలు చేసిన జప్పా జీవితంలో మొదటి 40 స్థానాల్లోకి వచ్చిన పాట ఇదొక్కటే. ఆర్కెస్ట్రాలకు జటిలమైన సంగీతం రాసి, పెద్ద స్వరకర్తగా గుర్తింపు కోరుకున్న మనిషికి దేశం మొత్తం మీద ఇల్లిల్లూ తెలిసిన పాట, కూతురు నిద్రకళ్లతో చెప్పిన కబుర్లు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కొంచెం సంతోషంగానే ఉంటుంది, దాచుకోను.

ఇంగ్లిషులో ఇలాంటివాటిని నావెల్టీ పాటలంటారు. తమాషా పాటలు. 1958లో ఊదారంగు రాక్షసుడి పాట, 1962లో 'మాన్‌స్టర్ మాష్', ఇలా కొన్ని నెలలు అందరి నోళ్లలో నాని, ఆ తర్వాత వింతవస్తువుల అరలోకి పోయేవి. ఈ అరలో ఆడపిల్ల తరచూ కనిపిస్తుంది కానీ మాట్లాడదు. 1960లో నంబర్ వన్ అయిన చుక్కల బికినీ పాట చూడండి. ఆ బట్టలు వేసుకుని బయటకు రావడానికి సిగ్గుపడే అమ్మాయి గురించిన పాట అది. ఆమె సిగ్గును లోకానికి పాడి వినిపించింది మాత్రం బ్రయాన్ హైలాండ్ అనే 16 ఏళ్ల కుర్రాడు. 'వ్యాలీ గర్ల్'లో అది తిరగబడింది. మగగొంతులు పల్లవిలో ఆ అమ్మాయి ఎవరో, ఎలాంటిదో బయటినుంచి నిర్వచిస్తూ ఉంటాయి. చరణాల్లో ఆ నిర్వచనానికి లొంగకుండా ఒక ఆడపిల్ల గొంతు ఊపిరి తీసుకోకుండా సాగిపోతూ ఉంటుంది. షెర్మన్ ఓక్స్ గలేరియా అనే షాపింగ్ మాల్‌లో తిరగడం, పళ్ల డాక్టరు దగ్గరి తిప్పలు, కాలిగోళ్ల ముస్తాబు, అమ్మ గిన్నెలు తోమమనడం, పిల్లి మలం పెట్టె శుభ్రం చెయ్యమనడం. ఒక ఇంగ్లిషు మాస్టారిని స్వలింగ సంపర్కుడని వెక్కిరించడం కూడా ఉంది. ఇప్పుడు వింటే ఆ భాగం చేదుగా ఉంటుంది, ఉండాలి కూడా.

ఇంతకీ నవ్వుతున్నది ఎవరిని? శాన్ ఫెర్నాండో లోయ లాస్ ఏంజిలెస్ కొండలకు ఉత్తరాన ఉంటుంది. 1915లో దానిలో చాలా భాగాన్ని నగరంలో కలిపారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మధ్యతరగతి ఇళ్లతో నిండిపోయింది. ఎన్సినో అందులో డబ్బున్నవాళ్ల పేట. జప్పా కుటుంబం ఉండేది కొండ మీద, కళాకారుల ఇళ్ల మధ్య. కొండ మీదివాళ్లు లోయలోని వాళ్లను చూసి నవ్వడం ఈ పాటలో ఉంది. జప్పాకు ఆ లోయ బతుకంటే ఏవగింపు. వస్తువుల మోజు మీద అతని కోపం నిజమైనదే, కాదనను. కానీ ఆ మోజుకు రూపం ఇవ్వవలసి వచ్చినప్పుడు అతనికి దొరికింది కారు కొనే తండ్రి కాదు, మాల్ కట్టిన వ్యాపారి కాదు, చెప్పులు కొనుక్కునే అమ్మాయి. అదే లోయలో పకోయిమా అనే శ్రామికుల పేట కూడా ఉంది. 'లా బాంబా' పాడిన రిచీ వాలెన్స్ పెరిగింది అక్కడే. ఆ పేట పిల్లలెవరికీ పాటలో చోటు లేదు.

పాట అరలోకి పోయినా యాస పోలేదు. వాక్యం చివర గొంతు ప్రశ్నలా పైకి లేపడం, రెండు మాటలకొకసారి 'లైక్' అనడం బుర్రలేని ఆడపిల్ల గుర్తులుగా స్థిరపడిపోయాయి. నిజానికి 'లైక్' వ్యాలీ అమ్మాయిలు పుట్టించింది కాదు. 1950లలోనే బీట్ యువకులు దాన్ని వాడేవారు. 1959లో మొదలైన ఒక టీవీ ధారావాహికలో మేనార్డ్ క్రెబ్స్ అనే గడ్డం పాత్రకు అది ఊతపదం. గడ్డం ఉన్నవాడు అంటే జాజ్, రిబ్బను పెట్టుకున్నది అంటే మొద్దుతనం! భాషాశాస్త్రవేత్త అలెగ్జాండ్రా డార్సీ 2007లో ఈ మాట చుట్టూ అల్లుకున్న అపోహల్ని ఒక్కొక్కటే విప్పి చూపింది. వృద్ధుల మాటల్లోనూ ఇది ఉంది, పురుషుల్లోనూ ఉంది, కాలిఫోర్నియాకు ఎంతో దూరాన ఉన్న పల్లెల్లోనూ ఉంది. రాబిన్ లేకాఫ్ 1975లోనే 'లాంగ్వేజ్ అండ్ వుమన్స్ ప్లేస్'లో స్త్రీల మాటతీరును రాజకీయ విషయంగా చర్చకు పెట్టింది. భాషలో వచ్చే మార్పుల్లో ఎక్కువభాగాన్ని ముందుండి నడిపేది స్త్రీలేనని లబోవ్ 1990లో విశ్లేషించాడు. వాళ్లు నడుపుతారు, లోకం వెక్కిరిస్తుంది, ఒక తరం గడిచాక అదే లోకం అలాగే మాట్లాడుతుంది.

మన సభల్లో ఒక పెద్దమనిషి అరగంట ఉపన్యాసంలో 'ఏదైతే ఉందో' అని ఎన్నిసార్లు అంటాడో ఎవరూ లెక్కపెట్టరు.

మా అన్నయ్య వాళ్లు కాలిఫోర్నియాలోనే ఫ్రీమాంట్‌లో ఉంటారు. ఒక సదస్సు కోసం వెళ్లినప్పుడు వాళ్లింట్లో పది రోజులున్నాను. 14 ఏళ్ల మేనకోడలు తెలుగులో మాట్లాడినా 'లైక్' లేకుండా వాక్యం పూర్తికాదు. "చూసినవా చెల్లె, నోరు తెరిస్తే అదే మాట. ఇంటర్వ్యూల్ల గిట్ల మాట్లాడ్తె ఎవలన్న ఉద్యోగమిస్తరా?" అని అన్నయ్య నాకు ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు చేసిన మాట కూడా ఒకప్పుడు ఉద్యోగాలివ్వని యాసే. జగిత్యాల నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తలో తన నాలుకను సరిచేసుకోవడానికి అతనెంత కష్టపడ్డాడో నాకు తెలుసు. ఇంట్లో మాత్రం అది భద్రంగా ఉంది. ఆ రాత్రి పిల్లకు ఈ పాట వినిపించి, ఉత్తరం కథ చెప్పాను. పాటకు పెద్దగా నవ్వలేదు. "అత్తా, ఆ అమ్మాయిది లైక్, నా వయసేనా? మరి ఇది ఆమె సొంత మాటా, వేరేవాళ్లను ఇమిటేట్ చేసిందా?" అని అడిగింది.

నేను పిహెచ్.డి. గదుల్లో కూర్చుని వేసుకోవలసిన ప్రశ్న అది. మూన్ ఆ మాటలు విన్నది లోయలో జరిగే పార్టీల్లో, మాల్‌లో. అనుకరించింది నిజమే. కానీ ఆ వయసులో అనుకరణకూ సొంతానికీ మధ్య గీత ఎక్కడ గీస్తాం? స్నేహితురాళ్ల మాట వారంలో మన మాట అవుతుంది. పైగా ఆ అనుకరణలో చురుకైన చెవి ఉంది, కాలం లెక్క ఉంది, ఎక్కడ ఆపితే నవ్వొస్తుందో తెలిసిన నేర్పు ఉంది. దాన్ని రచన అనడానికి నాకేమీ సంకోచం లేదు.

ఈ పాట నన్ను పట్టుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. యూనివర్సిటీ హాస్టల్లో నా యాసకు గిరాకీ ఉండేది. "మళ్లీ అనవే, మళ్లీ అనవే" అని చుట్టూ కూర్చునేవాళ్లు. 'గట్లనే', 'ఎందుకురా పోరి' అంటే చాలు, నవ్వులు. ఊరినుంచి వచ్చి ఎవరూ పలకరించని రోజుల్లో ఆ నవ్వులు నాకు తిండిలా ఉండేవి. వార్షికోత్సవానికి నాటిక రాస్తున్న ఒక అధ్యాపకుడు నన్ను పిలిపించి, మీ అమ్మా వాళ్లూ ఎట్లా పోట్లాడుకుంటారో చెప్పమన్నాడు. చెప్పాను. రెండు సాయంత్రాలు చెప్పాను. ఆయన రాసుకున్నాడు. కూరగాయలమ్మే ముసలమ్మ పాత్ర నాకే ఇచ్చారు, హాలు మారుమోగిపోయింది. తర్వాత ఆ నాటిక ఒక సంకలనంలో అచ్చయింది. అందులో మా అమ్మ మాటలున్నాయి, మా చిన్నమ్మ సామెతలున్నాయి, వాటి మీద ఆయన పేరుంది. అమ్మకు చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని చదివి, "గిదంత నేను అన్నదే గద" అంది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లోనే వచ్చింది. ఆడవాళ్లు నోటితో చెప్పిందాన్ని వాళ్ల పేర్లతోనే ఎలా అచ్చువెయ్యాలో ఆ పుస్తకం చూపించి అప్పటికే పాతికేళ్లవుతోంది.

ఆ లెక్కన జప్పా నయం. పాట రచనలో కూతురి పేరు తన పేరు పక్కన వేశాడు. గ్రామీ నామినేషను ఇద్దరి పేరునా వచ్చింది. కానీ పేరు దక్కితే అన్నీ దక్కినట్టు కాదని మూన్ కథ చెబుతుంది. తండ్రీకూతుళ్లు డేవిడ్ లెటర్‌మన్ కార్యక్రమంతో సహా టీవీల్లో కూర్చున్నారు. మొదటిసారి ఆమెకు తండ్రి పక్కన కుర్చీ దొరికింది, కాకపోతే కెమెరాల ముందు. వెళ్లిన ప్రతిచోటా ఆ గొంతే అడిగేవారు. అదే ఏడాది మిమీ పాండ్ వ్యాలీ అమ్మాయిల జీవనవిధానం మీద హాస్య మార్గదర్శిని రాసింది. మరుసటి ఏడాది 'వ్యాలీ గర్ల్' పేరుతోనే సినిమా వచ్చింది. దాన్ని ఆపాలని జప్పా కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. ఆ సినిమా తీసింది మార్తా కూలిడ్జ్. నాలుగు దృశ్యాల్లో నగ్నంగా వక్షాలు చూపించాలని తనకు షరతు పెట్టారని ఆమె తర్వాత చెప్పింది. అంత ఇరుకులోనూ ఆమె ఆ అమ్మాయికి ఒక మనసు, ఒక తటపటాయింపు ఇచ్చింది. పాట ఇవ్వనిది అదే.

జప్పా 1985లో అమెరికా సెనేట్ కమిటీ ముందు కూర్చుని పాటల మీద ఆంక్షలు వద్దని వాదించాడు. ఆ వాదన నాకు ఇప్పటికీ నచ్చుతుంది. స్త్రీలను గురించి ఆయన రాసిన చాలా పాటలు నచ్చవు. ఈ రెండింటినీ కలిపి ఒక తీర్పు చెప్పమంటే నేను చెప్పలేను, చెప్పవలసిన అవసరమూ కనబడదు.

ఆయన 1993 డిసెంబరులో కేన్సరుతో పోయాడు. తల్లి గెయిల్ 2015లో పోయింది. ఆస్తిని చూసుకునే ట్రస్టులో చిన్నపిల్లలిద్దరికీ 30 శాతం చొప్పున, మూన్‌కూ పెద్ద తమ్ముడికీ 20 శాతం చొప్పున రాసి, పెత్తనం చిన్నవాళ్లకు అప్పగించి వెళ్లింది. ఉత్తరంలో ఏజెంటుగా పేర్కొన్న తల్లి! 2024లో మూన్ 'అర్త్ టు మూన్' పేరుతో ఆత్మకథ ప్రచురించింది. తండ్రి దృష్టి కోసం కాచుకుని గడిపిన బాల్యం, తల్లి కోపం, ఆ 20 శాతం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పాట గురించి చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ చెబుతూ వచ్చిన మాట ఒకటుంది. పేరు కోసం చెయ్యలేదు, నాన్నతో కాసేపు ఉండొచ్చని చేశాను అని.

మేనకోడలికి ఆ పుస్తకం పంపాను. సగం చదివి ఆపేసిందట. మిగతా సగం వాళ్ల నాన్న చదువుతున్నాడని చెప్పింది.