నూరుమార్లు చదివితే

హిందూపురం, ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు ఫోన్‌లో పంపిన జపాను సామెత దారి పొడుగునా నోట్లో నానుతూనే ఉంది. ‘దొకుషో హ్యప్పెన్, ఇ ఒనొజుకర త్సూజు.’ పుస్తకం నూరుమార్లు చదివితే అర్థం దానంతటదే తెలిసొస్తుందని కదా. మనకూ ఇట్లాంటిది ఉందా అని అడిగితివి. వేమన వేపాకు ఉంది గానీ అది అలవాటు గురించిన మాట. చదివిందే చదవడానికి మన సామెత ఏదీ నాకు తట్టలేదు, మనవాళ్లు ‘వల్లె వేయడం’ అని పనికే పేరు పెట్టుకున్నారు.

ఈ సామెత పుట్టిల్లు చైనా. మూడో శతాబ్దంలో దుంగ్ యూ అనే పండితుడు, పాఠం చెప్పమని వచ్చినవాణ్ని ముందు నూరుమార్లు చదివి రమ్మన్నాడట. తీరిక లేదన్నాడు వాడు. మూడు మిగుళ్లున్నాయి కదా అన్నాడాయన. ఏడాదికి మిగులు చలికాలం, పగటికి మిగులు రాత్రి, మామూలు వేళలకు మిగులు వాన.

నాకు నవ్వొచ్చింది. ఆయన మన సీమలో పుట్టి ఉంటే రెండే చెప్పేవాడు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అవుతాయి. ఈశాన్యానివి ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. అనంతపురం వైపు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వాన పడినప్పుడే చదవాలంటే పెద్దబాలశిక్ష ముగించడానికి ఒక జన్మ చాలదు.

ఇక్కడ టీ అంగడాయన సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడినాడు. టీ బాగుంది. రేపు పెనుకొండ.

పెనుకొండ, సోమవారం

కొండెక్కలేదు, మోకాలు ఒప్పుకోలేదు. గగనమహలు దగ్గర నీడలో కూర్చుని రాస్తున్నా. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయినాక విజయనగరం రాజులు వచ్చి చేరింది ఈ ఊరికే.

కవి పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నప్పుడు ఈ వీధుల్లోనే తిరిగినారు. 1914లో పుట్టిన మనిషి, ‘పెనుగొండలక్ష్మి’ రాసేటప్పటికి ఇంకా పిల్లవాడే. రోజూ చూసే గోడలే కదా, అందరూ చూసినవే. ఆయన మాత్రం వాటిని మళ్లీ మళ్లీ చదివినట్టున్నారు.

అసలు కథ తర్వాత జరిగింది. ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, తను రాసిన ఆ కావ్యమే పాఠ్యపుస్తకంగా ఎదురైంది! ఒక చిన్న ప్రశ్నకు జవాబు మొదలుపెట్టి, పేజీలకు పేజీలు రాస్తూ పోయి, తక్కిన ప్రశ్నలకు వేళ చాలక తప్పినారని సీమలో చెప్పుకుంటారు. నేను దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో నవ్వుకునేవాణ్ని. ఈ రోజు ఇక్కడ కూర్చుంటే వేరేగా తోచింది. మూడుమార్లు చదివినవాడు రెండు మార్కుల జవాబు ఠక్కున రాసేస్తాడు. నూరుమార్లు చదివినవాడి చేత అది కాదు, ఏ ముక్క వదిలేయాలో వాడికి తెలీదు. అర్థమూ మార్కులూ ఒకే బండెక్కవు.

నీ జపాను పరీక్ష డిసెంబరులో కదా. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించొద్దు.

ధర్మవరం, బుధవారం సాయంత్రం

చీర అడిగితివి. ధర అడిగి వెనక్కి వచ్చినా. ఆ సంగతి ఇంటికొచ్చినాక.

ఒక ముసలాయన గుంట మగ్గం దగ్గర మధ్యాహ్నమంతా కూర్చున్నా. పైన జకార్డు. 1804లో ఫ్రాన్సులో పుట్టిన యంత్రం, ఇక్కడి ఇళ్లలో ఇంటి మనిషైపోయింది. చిల్లులు పొడిచిన అట్టలను దారంతో మాలగా కట్టి వేలాడదీస్తారు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది, చిల్లిని బట్టి పడుగు పోగులు లేస్తాయి. మాల చివరికొస్తే మళ్లీ మొదటి అట్ట. చదివిందే చదవడం. చీరంతా బుట్టాలు అట్లా పడతాయి.

అట్ట చిరిగితే ఏమవుతుందని అడిగినా. “ఏముంది సార్, ప్రతి బుట్టాలోనూ అదే జాగాలో అదే తప్పు” అన్నాడు. అందుకే కాబోలు వేదపాఠశాలలో అయ్యవారు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు అప్పజెప్పేది, స్వరం తప్పితే అక్కడికక్కడే ఆపేది. మా చిన్నప్పుడు నేను పదమూడో ఎక్కంలో ఒక తప్పు వల్లె వేసినా. అది ఇప్పటికీ పోలేదు.

నాలుగు గంటలకు చినుకులు పడినాయి. తడిగాలికి పడుగు మాట వినదని ఆయన మగ్గం ఆపి, గుంటలోంచి కాళ్లు బయటికి తీసి కూర్చున్నాడు. దుంగ్ యూ చెప్పిన మూడో మిగులు ఇదే కదా అని నేనూ సంచిలోంచి పుస్తకం తీసినా. రెండో పేజీ తిప్పేలోపలే వాన ఆగిపోయింది.

మీ మామ